ఊదావన్నె ఆకులు

తెలుగు లోగిళ్లలో తులసికోటకు ప్రత్యేకమైన స్థానము కలదు. కొన్ని ఇండ్లలో ఒకే కోటయందు రెండు తులసి మొక్కలు పెరుగుచుండును. ఒకదాని ఆకులు లేతపచ్చగా నుండును. దానిని లక్ష్మీతులసి యందురు. రెండవదాని కాడలు, ఆకులు నల్లదనము కలిసిన ఊదావన్నెతో నుండును. నల్లనయ్య మేనిచాయ కలది గనుక పెద్దలు దానికి కృష్ణతులసి యని పేరు పెట్టిరి. వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెండింటిని ఒకే జాతి మొక్కగా గణింతురు. రెండింటికి పోయునది ఒకే చెంబు నీరు. రెండింటిపై బడునది ఒకే సూర్యుని వెలుగు. అయినను వన్నెలు మాత్రము వేరు.

ఆకులోని పచ్చదనము వలననే మొక్క తన ఆహారమును తయారుచేసుకొనునని విద్యార్థులు బడిలో చదువుకొందురు. అట్లు చదువుకొని యింటికి వచ్చిన బాలుడు కృష్ణతులసిని చూచినప్పుడు అతనికి ఒక సందేహము కలుగుట సహజము. పచ్చదనము లేని ఈ ఆకు ఎట్లు జీవించుచున్నది? దీనికి ఆహార మెక్కడిది? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీని సమాధానము కొరకు రసాయన శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు శ్రమించిరి. ఆ సమాధానము తెలిసియుండుట వలన రైతు తన పైరును కాపాడుకొన గలుగుచున్నాడు.

ఊదావన్నె ఆకులు గల మొక్కలు అరుదైనవి కావు. పాఠశాలల వరండాలలో కుండీలయందు పెంచు రియో మొక్క ఆకు పైవైపు పచ్చగాను, అడుగువైపు చక్కని ఊదారంగుతోను ఉండును. మెక్సికో దేశమునుండి వచ్చిన ఒక ట్రాడెస్కాంటియా మొక్క కాడనుండి ఆకు కొనవరకు వంగపండు రంగుతో నేలపై ప్రాకును. కోలియస్ మొక్క ఆకులలో పచ్చన, ఊదా, ఎరుపు రంగులు ముగ్గు పెట్టినట్లు కలిసియుండును. వసంతకాలమున మామిడి కొమ్మల చివర వ్రేలాడు లేజిగుళ్లు రాగిచాయతోను, నేరేడుచాయతోను మెరయును. రావిచెట్టు చిగురు కూడ రాగిరేకువలె తళతళలాడును. కవులు చిగురుటాకును సుందరుల పెదవితో పోల్చుట ఈ వన్నెను చూచియే.

మామిడి చిగురు కొలది దినములలో పచ్చబడును. కాని కొన్ని వృక్షములు వేసవి యంతయు ఊదావన్నెను వీడవు. ఐరోపా ఖండమున బీచ్ అను మహావృక్షము కలదు. దాని ఆకులు సాధారణముగా పచ్చనివే. అయితే అడవులలో ఎక్కడనో ఒకటి రెండు బీచ్ చెట్లు నల్లని ఎరుపుతో, చీకటి కమ్మినట్లు కనబడుచుండెడివి. స్విట్జర్లాండు దేశమున జ్యూరిక్ ప్రాంతమునందలి బూఖ్ అను గ్రామము చెంత అట్టి చెట్లు ఉన్నవని వాగ్నర్ అను పండితుడు 1680లో ప్రకటించిన ప్రకృతిచరిత్ర గ్రంథమున వ్రాసెను. ఆ ప్రాంతపు ప్రజలు వాటిని గూర్చి ఒక కథ చెప్పుకొనిరి. పూర్వము కొందరు అన్నదమ్ములు ఆ చోట తమలో తాము కలహించి, ఒకరినొకరు చంపుకొనిరట. వారి నెత్తురు పీల్చిన నేలనుండి మొలచినందున ఆ చెట్ల ఆకులు ఎరుపెక్కినవట. జర్మను భాషలో నేటికిని ఈ చెట్టును నెత్తురు బీచ్ అనియే పిలుతురు. ఆంగ్లేయులు దీనిని రాగి బీచ్ అందురు.

కథ భయంకరమైనదే గాని, చెట్టు నిర్దోషి. ఒకానొక గింజలో పుట్టుకతో సంక్రమించు లక్షణమున సహజముగా మార్పు కలిగి, ఆకులలో రంగు అధికముగా తయారైనది. అంతకుమించి అందులో వింత యేమియు లేదు. రాగి బీచ్ గింజలను నాటినచో కొన్ని మొలకలు తల్లిచెట్టు వన్నెతో వచ్చును; మరికొన్ని పచ్చగానే మొలచును. అందువలన తోటమాలులు గింజలను నమ్ముకొనక అంటు కట్టి ఈ చెట్టును వ్యాప్తిచేసిరి. పర్షియా దేశమునను ఇట్టి సంఘటనయే జరిగినది. ఆ దేశపు చక్రవర్తి ఉద్యానవనమున పిస్సార్ అను ఫ్రెంచి తోటమాలి పనిచేయుచుండెను. అతడు ప్లమ్ జాతికి చెందిన ఒక చెట్టు ఊదా ఆకులతో నుండుట చూచి, 1880 ప్రాంతమున దానిని తన స్వదేశమునకు పంపెను. నేడు అనేక దేశములలో వీధుల వెంట పెంచు ఊదా ప్లమ్ చెట్లకు అతని పేరు నిలిచియున్నది.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఊదా ఆకులో పచ్చదనము లేదా? ఈ విషయమును ఊహతో గాక పరీక్షతో తెలిసికొనవచ్చును. ఉపాధ్యాయుని సమక్షమున కోలియస్ మొక్కనుండి ఊదారంగు గల ఆకును కోసి, మరుగుచున్న నీటిలో వేయవలెను. కొలది నిమిషములలో ఆకులోని ఊదారంగు నీటిలోనికి దిగిపోవును. ఆకును పైకి తీసి చూచినచో, అంతవరకు ఊదాగా కనబడిన భాగము పచ్చగా నుండును! పచ్చదనము ఎక్కడికిని పోలేదు. అది ఊదారంగు చాటున దాగియున్నది. ఊదారంగు నీటిలో కరగును. పత్రహరితమనబడు పచ్చని పదార్థము నీటిలో కరగదు. అందుచేతనే ఒకటి పోయి, రెండవది మిగిలినది.

ఈ పరీక్షను మరియొక మెట్టు ముందునకు తీసికొని పోవచ్చును. పచ్చబడిన ఆకును స్పిరిటులో నుంచి, ఆ పాత్రను వేడినీటి గిన్నెలో నిలిపినచో పత్రహరితము కూడ కరగి ఆకు వెలవెలబోవును. స్పిరిటునకు నిప్పు త్వరగా అంటుకొనును గనుక దానిని మంటపై నేరుగా ఎన్నడును ఉంచరాదు. వెలిసిన ఆకును కడిగి, దానిపై అయొడిన్ చుక్కలు వేసినచో, ఎండలో నిలిచిన మొక్క ఆకైనయెడల, ఊదాగా నుండిన భాగమునందును నీలము కలిసిన నలుపు కనబడును. ఆ నలుపు పిండిపదార్థమునకు గుర్తు. అనగా ఊదా ఆకు కూడ పచ్చని ఆకువలెనే తన ఆహారమును తాను వండుకొనుచున్నది. వండునది ఊదారంగు కాదు. దాని చాటుననున్న పచ్చదనమే.

రెండు రంగులును ఒకే ఆకులో నుండి కూడ కలిసిపోక వేరువేరుగా ఎట్లున్నవి? సూక్ష్మదర్శిని ఈ సంగతిని తెల్పును. రియో ఆకు అడుగువైపున నున్న పలుచని పొరను ఒలిచి, గాజుపలకపై ఒక నీటిచుక్కలో నుంచి చూచినచో, పక్కపక్కన పేర్చిన ఊదారంగు గదులు కనబడును. అవియే కణములు. కణము నడుమ రిక్తిక యనబడు ఒక పెద్ద నీటితిత్తి యుండును. ఊదారంగు ఆ తిత్తిలోని రసమున కరగియుండును. పత్రహరితము అట్లు కాదు. అది ఆకు లోపలి కణములలో హరితరేణువులనబడు చిన్న చిన్న పచ్చని గింజలలో నుండును. గాజుపలకపైనున్న పొరకు ఉప్పునీటిని తగిలించినచో, కణములలోని నీరు వెలుపలికి వచ్చి, ఊదారంగు తిత్తి ముడుచుకొని పోవును. ఉన్నత పాఠశాలలలో కణముల స్వభావమును చూపుటకు రియో ఆకును ఎన్నుకొనుటకు కారణమిదియే. రంగులేని తిత్తి ముడుచుకొన్నను కంటికి తెలియదు. ఊదారంగు తిత్తియైనచో ఆ మార్పు స్పష్టముగా కనబడును.

ఈ రంగుపదార్థమునకు 1835లో మార్క్వార్ట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆంథోసయనిన్ అని నేడు వ్యవహరింపబడు పేరునకు మూలమైన పేరు పెట్టెను. గ్రీకు భాషలో ఆంథోస్ అనగా పువ్వు. కయనోస్ అనగా నీలము. పూలలోని నీలిరంగునకు పెట్టిన పేరైనను, ఆకులలోని ఊదాకు, పండ్లలోని ఎరుపునకు కూడ అదియే వర్తించినది. నేరేడుపండు తిన్నవారి నాలుకకు అంటుకొనునదియు, వంగకాయ తొక్కకు వన్నె తెచ్చునదియు ఈ కుటుంబపు రంగులే. జర్మను శాస్త్రజ్ఞుడు విల్‌స్టాటర్ ఈ రంగులను పూలనుండి, పండ్లనుండి వేరుచేసి పరిశీలించెను. మొక్కలలోని రంగులను, ముఖ్యముగా పత్రహరితమును గూర్చి చేసిన కృషికి ఆయనకు 1915లో నోబెల్ బహుమానము లభించినది. ఆంగ్లదేశమున రాబర్ట్ రాబిన్‌సన్ ఈ రంగులను ప్రయోగశాలలో తయారుచేసి చూపెను. ఆయనకు 1947లో మొక్కలనుండి లభించు పదార్థములపై చేసిన పరిశోధనలకు అదే గౌరవము దక్కినది.

ఆ రాబిన్‌సన్ వద్ద మాంచెస్టరు నగరమున పరిశోధన చేసిన భారతీయులలో టి. ఆర్. శేషాద్రి ఒకరు. వారు తిరిగివచ్చి, వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున రసాయన శాస్త్రశాఖను తీర్చిదిద్దిరి. ప్రత్తిపూలు, గోగుపూలు మున్నగు తెలుగునేల పూలలోని పసుపురంగు పదార్థములను శిష్యులతో కలిసి పరిశోధించిరి. ఆ పసుపురంగులు ఊదారంగు ఆంథోసయనిన్‌లకు దగ్గరి చుట్టములు. చేలగట్టున పూచు గోగుపూవు ప్రపంచ శాస్త్రపత్రికల కెక్కుటకు అట్టి కృషియే కారణము. 1949లో శేషాద్రిగారు ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి.

ఆంథోసయనిన్‌కు ఒక విచిత్రమైన గుణము కలదు. పులుపు తగిలిన ఎరుపెక్కును. క్షారము తగిలిన నీలము వైపునకు, పచ్చన వైపునకు మరలును. ఊదా క్యాబేజీ ఆకులను ఉడికించిన నీటిలో నిమ్మరసము పిండి చూచినను, వంటసోడా కలిపి చూచినను ఈ సంగతి తెలియును. అయితే ఎర్ర తోటకూర ఉడికించిన నీటికి నిమ్మరసము కలిపినచో అట్టి మార్పు కనబడదు. ఎందువలన ననగా తోటకూరలోని రంగు ఆంథోసయనిన్ కాదు; అది బీటాసయనిన్. బీట్‌రూట్ దుంపకు ఎరుపు నిచ్చునదియు అదియే. ఒక మొక్కలో ఈ రెండు జాతుల రంగులలో ఒకటియే యుండును గాని, రెండును కలిసియుండుట శాస్త్రజ్ఞులకు కనబడలేదు. కంటికి ఒక్కటిగా తోచు రంగులు మూలమున వేరుగా నుండవచ్చునని ఇందువలన తెలియుచున్నది.

ఆహారము తయారుచేయుటకు పనికిరాని ఈ రంగును మొక్క ఏల తయారుచేసుకొనుచున్నది? మామిడి చిగురును చూచినచో కొంత బోధపడును. లేత ఆకులో పచ్చదనము ఇంకను పూర్తిగా కుదురుకొనియుండదు. దానిపై తీవ్రమైన ఎండ పడినప్పుడు, ఆకు వినియోగించుకొన గలిగినదానికంటె అధికమైన కాంతి లోనికి ప్రవేశించి, సున్నితమైన భాగములకు హాని కలిగించును. ఆ సమయమున ఊదారంగు గొడుగువలె అడ్డుపడును. పత్రహరితము ముఖ్యముగా ఎరుపు, నీలము కాంతులను గ్రహించును. ఆంథోసయనిన్ పచ్చని కాంతిని అధికముగా గ్రహించి, లోపలికి పోవు వెలుగు తీవ్రతను తగ్గించును. ఆకు ముదిరి, పచ్చదనము స్థిరపడిన తరువాత ఆ గొడుగుతో పనిలేదు గనుక ఊదావన్నె తగ్గిపోవును. ఎదుగు బిడ్డకు ఎండ తగులకుండ తల్లి కొంగు కప్పినట్లు, చెట్టు తన చిగురునకు రంగు కప్పుచున్నది.

అయితే ఊదావన్నె ఎల్లప్పుడును శుభసూచకము కాదు. మొక్కజొన్న చేనిలో లేతమొక్కల అడుగు ఆకుల కొనలు, అంచులు ఊదాగా మారినచో రైతు దానిని అందమని యెంచి ఊరకుండరాదు. అది చాలతరచుగా భాస్వరపు కొరతకు గుర్తు. భాస్వరము చాలనప్పుడు మొక్క తాను తయారుచేసుకొన్న చక్కెరను పెరుగుదలకు సరిగా వినియోగించుకొనలేదు. ఆకులలో చక్కెర నిలువ చేరి, ఊదారంగు తయారగుటకు దారితీయును. నేలలో భాస్వరము ఉన్నను, చలి వలన వేళ్లు దానిని అందుకొనలేనప్పుడు కూడ ఇట్లే జరుగును. ప్రత్తి చేలలో మెగ్నీషియము లోపించినప్పుడు ఆకు ఈనెలు పచ్చగా నిలిచి, వాటి నడుమ భాగము ఎరుపెక్కును. మొక్కకు నోరులేదు, తన బాధను రంగుతో చెప్పుకొనును. ఆ మాటను గ్రహించిన రైతు నేలను పరీక్ష చేయించి, సకాలమున తగిన ఎరువు వేయును. గ్రహింపనివాడు పంటను కోల్పోవును.

ఇదే రంగు రైతునకు సాయపడిన సందర్భమును కూడ తెలిసికొనవలెను. వరిలో ఊదా ఆకులు గల రకములు కలవు. జపాను దేశమునందలి ఇనకదతె గ్రామస్థులు 1993 నుండి ఊదా, పసుపు, పచ్చని ఆకుల వరి రకములను పక్కపక్కన నాటి, పొలమునందే పెద్ద పెద్ద చిత్రములను రూపొందించుచున్నారు. అక్కడ ఊదావరి వేడుక కొరకు. మన దేశమున ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు రైతులకు అది అవసరము కొరకు.

ఛత్తీస్‌గఢ్‌లో వరిగింజలను పొలమున వెదజల్లు పద్ధతి విస్తారముగా కలదు. అట్టి పొలములలో వరితోపాటు నివ్వరి, అనగా అడవి వరి, మొలచును. అక్కడివారు దానిని కర్గా అందురు. అది వరికి దాయాది. లేతదశలో రెండింటికి పోలికలు ఎంతగా కలియునంటే, కలుపు తీయు వారి అనుభవము కూడ అక్కరకు రాదు. వెన్ను తీసిన తరువాత తేడా తెలియును గాని, అప్పటికే నివ్వరి నేలసారమును, నీటిని పంచుకొని యుండును. పైగా దాని గింజలు పండగానే రాలి, మరుసటి యేడు మరల మొలచుటకు నేలలో చేరును. ఈ కష్టమునకు వరి ఆకు రంగుతోనే ఉపాయము కనిపెట్టిరి. రాయపూరునందలి ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయము ఊదా ఆకులు గల శ్యామల యను వరి రకమును రూపొందించినది. శ్యామలను చల్లిన పొలమున పైరంతయు ఊదాగా నుండును. పచ్చగా మొలచినది కలుపు. కూలికి వచ్చిన చిన్నది కూడ పొరపాటు లేకుండ దానిని పెరికివేయ గలదు.

ఈ ఉపాయమునకును ఒక హద్దు కలదు. వరి, నివ్వరి బంధువులు గనుక గాలికి ఎగిరిన పుప్పొడి వలన అప్పుడప్పుడు వాటికి సంకరము కలుగును. పచ్చని నివ్వరిని ప్రతి యేటను పెరికివేయుచుండగా, ఊదావన్నె సంక్రమించిన నివ్వరి మాత్రము కలుపు తీయువారి కన్నుగప్పి మిగిలిపోవును. కొన్ని యేండ్లకు కలుపు కూడ ఊదావేషము ధరించును! అప్పుడు రైతు మరల పచ్చని వరికి మారి, ఊదాగా నున్నదానిని పెరుకవలెను. గుర్తును మార్చుచుండుటయే ఈ పోరులో గెలుపునకు మార్గము.

ఒకే ఊదావన్నె కృష్ణతులసికి పుట్టుకతో వచ్చినది, మామిడి చిగురునకు గొడుగైనది, మొక్కజొన్నకు మొరయైనది, వరికి ఆనవాలైనది. రంగును చూచుట కన్ను చేయుపని. అది ఏల వచ్చినదో తెలిసికొనుట బుద్ధి చేయుపని. రాగి బీచ్ చెట్టును చూచి కొందరు నెత్తుటి కథ అల్లిరి. ఆకును నీటిలో మరిగించి చూచినవారికి మాత్రము దాగియున్న పచ్చదనము కనబడినది.

సాయంకాలము తులసికోటలో దీపము పెట్టునప్పుడు కృష్ణతులసి ఆకులు మరింత నల్లగా తోచును. ఆ నలుపు చాటున, పగలంతయు ఎండను అన్నముగా మార్చిన పచ్చదనము విశ్రమించుచున్నది. తెల్లవారగానే అది మరల పనికి పూనుకొనును.